కొత్త రంపం మిషన్‌కి ఆరు నెలలకే పిస్టన్ ఎందుకు పోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సత్తెనపల్లి చుట్టుపక్కల సుబాబుల్, జామాయిల్ తోటలు కోయిస్తారు. 70 సీసీ రంపం మిషన్లు రెండు కొన్నారు. మొదటిదానికి ఆరు నెలలు తిరక్కుండానే పిస్టన్, రింగులు మార్చాల్సి వచ్చింది. మార్చిన మూడు నెలలకే మళ్లీ అదే వరస: వేడి మీద స్టార్ట్ కాదు, కోతలో దమ్ము లేదు. మెకానిక్ ఏమో లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్ చాలదు, 40 పోయండి అంటున్నాడు. మిషనే నాసిరకమా, ఆయిల్ చాలడం లేదా, నడిపే కుర్రాళ్ల తప్పా అని అడిగారు. విప్పిన పిస్టన్‌ని రెండు వైపుల నుంచీ ఫోటో తీసి పెట్టారు. అది మంచి పని.

ముందే సూటిగా చెప్పేస్తాను. మీది ఆయిల్ సమస్య కాదు, దుమ్ము సమస్య. ఎయిర్ ఫిల్టర్ పక్కనుంచో, దాని వెనక రబ్బరు దగ్గర నుంచో సన్నటి పొట్టు, మట్టి ఇంజిన్‌లోకి పోతున్నాయి. ఆ దారి దొరికేదాకా మూడో పిస్టన్ కొనకండి. ఆయిల్ కూడా పెంచకండి, ఎందుకో కింద చెప్తాను.

నాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. టూ స్ట్రోక్ స్కూటర్లు, మోపెడ్లు తిరిగిన రోజుల్లో వాటి పనే చేసేవాణ్ణి. అవి రోడ్ల మీద తగ్గిపోయాక రంపాలు, బ్రష్ కట్టర్లు, పవర్ స్ప్రేయర్లు చేస్తున్నాను. రంపం వచ్చిందంటే నేను ముందు కంప్రెషన్ గేజ్ (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచేది) పెట్టను, పిస్టన్ ఏ వైపు పాడైందో చూస్తాను. సగం సమాధానం అక్కడే ఉంటుంది.

పిస్టన్‌కి ఒక ముఖం సైలెన్సర్ వైపు, ఇంకో ముఖం కార్బొరేటర్ వైపు ఉంటుంది. పెట్రోల్ చాలక, గాలి ఎక్కువై ఇంజిన్ కాలిపోతే (మేం లీన్ అయిందంటాం) దెబ్బ మొదట సైలెన్సర్ వైపు పడుతుంది. ఎందుకంటే మంట బయటికి పోయేది అటే. అక్కడ నిలువుగా లోతైన గీతలు పడతాయి, అల్యూమినియం కరిగి పూసినట్టు కనిపిస్తుంది, రింగు గాడిలో ఇరుక్కుపోతుంది. పెట్రోల్‌లో ఆయిల్ కలపడం మర్చిపోతే గీతలు ఒక వైపుతో ఆగవు, చుట్టూ పడతాయి. ఈ రెండూ నిమిషాల్లో జరిగిపోతాయి. కోతలో ఉండగానే మిషన్ పట్టేస్తుంది.

దుమ్ము అలా కాదు. అది కార్బొరేటర్ వైపు నుంచి వస్తుంది కాబట్టి ముందు అటు ముఖాన్నే తింటుంది. గీతలు లోతుగా ఉండవు. కొత్త పిస్టన్ మీద గోరుతో తాకితే తెలిసే సన్నటి అడ్డ గీతలుంటాయి, లేత్ మీద తిరిగిన గుర్తులు. దుమ్ము తిన్న పిస్టన్‌కి ఆ గీతలు మాయమై, మెరుపు లేని బూడిద రంగు వస్తుంది. మీ రెండో ఫోటోలో కింది భాగమంతా సరిగ్గా అలాగే ఉంది. మొదటి ఫోటోలో సైలెన్సర్ వైపు మాత్రం లేత్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. ఆయిల్ చాలకపోయి ఉంటే ఆ వైపు అంత శుభ్రంగా ఉండే వీల్లేదు. ఇక మీరు చెప్పిన లక్షణాలు కూడా దీనికే సరిపోతున్నాయి. ఉన్నట్టుండి ఆగిపోలేదు, కొద్దికొద్దిగా దమ్ము తగ్గింది, చల్లగా ఉంటే స్టార్ట్ అవుతుంది, వేడెక్కితే కాదు.

నిర్ధారణ కావాలంటే ఆ పాత పిస్టన్ నుంచి రింగు తీసి ఖాళీ బోరులో పెట్టండి. పిస్టన్ తలతో కొంచెం లోపలికి నెట్టి, రింగు రెండు కొసల మధ్య సందు ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట)‌తో కొలవండి. కొత్త రింగుకి ఆ సందు చాలా తక్కువ. 1 మిల్లీమీటర్ దాటిందంటే రింగు బాగా అరిగిందని లెక్క. నెలల వయసున్న రింగు అంత అరిగితే దుమ్ము తప్ప ఇంకో కారణం నాకు తోచదు.

రెండో పిస్టన్ మొదటిదానికంటే త్వరగా ఎందుకు పోయింది? ఇది చాలామంది మెకానిక్‌లు పట్టించుకోని సంగతి. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో గాలి, పెట్రోల్ నేరుగా పిస్టన్ పైకి వెళ్లవు. ముందు కింద క్రాంక్ కేసులోకి (క్రాంక్ తిరిగే గదిలోకి) వెళ్లి, అక్కణ్ణుంచి పైకి వస్తాయి. అంటే దుమ్ము ముందు క్రాంక్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ దాటాకే పిస్టన్ మీదికి వస్తోంది. మీ మెకానిక్ పైన సిలిండర్ విప్పి పిస్టన్ మార్చి బిగించేశాడు. కింద ఆయిల్‌తో కలిసి ముద్ద కట్టిన ఇసుక అలాగే ఉంది. అది కొత్త పిస్టన్‌ని మొదటి రోజు నుంచే సానపెట్టింది. దుమ్ము దారి కూడా మూయలేదు కాబట్టి పైనుంచి కొత్త సరుకు వస్తూనే ఉంది.

కాబట్టి ఈసారి సిలిండర్ తీసినప్పుడు కనెక్టింగ్ రాడ్‌ని పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడమనండి. పక్కలకి కాస్త కదలడం మామూలే, పైకీ కిందికీ ఏ మాత్రం ఆట ఉండకూడదు. క్రాంక్‌ని చేత్తో మెల్లగా తిప్పితే గరగర తగలకూడదు. తగిలిందంటే ఇంజిన్ మొత్తం విప్పి బేరింగులు, సీళ్లు మార్చాల్సిందే. ఆట లేకపోతే శుభ్రమైన పెట్రోల్-ఆయిల్ మిశ్రమం పోసి, తిప్పి, వంపేయడం రెండు మూడు సార్లు చేయాలి. వంపినది తెల్ల గుడ్డ మీద పోసి చూస్తే లోపల ఏముందో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పని, దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవడం. ఫిల్టర్ తీసి, దాని వెనక కార్బొరేటర్ మూతిలో చూపుడు వేలు పెట్టి తుడవండి. సన్నటి ఆయిల్ తేమ ఉండొచ్చు, అది పర్వాలేదు. నల్లటి జిగురు వచ్చి, దాన్ని బొటనవేలితో కలిపి నలిపితే గరుకు తగిలిందంటే ఫిల్టర్ దాటి వచ్చేసినట్టే. తర్వాత ఫిల్టర్‌ని ఎండకి పెట్టి లోపల నుంచి చూడండి. సూది మొనంత వెలుగు కనబడ్డా అది చెత్తబుట్టకే. ఫిల్టర్ బాగుంటే అది కూర్చునే అంచు చూడండి. రబ్బరు గట్టిపడి ఉంటుంది, లేదా పొట్టు ఇరుక్కుని ఒక పక్క లేచి ఉంటుంది. అంచు చుట్టూ పలచగా గ్రీజు రాసి, ఫిల్టర్ బిగించి, ఒక పూట నడిపి విప్పితే, గ్రీజు మీద దుమ్ము ఏ పక్క దాటిందో గీత గీసినట్టు కనిపిస్తుంది.

మా షెడ్డుకి వచ్చే ఫిల్టర్లు ఎక్కువగా పాడయ్యేది తోటలో కాదు, శుభ్రం చేసేటప్పుడు. పంక్చర్ షాపు దగ్గర ఆగి కంప్రెసర్ గాలి దగ్గరగా పెట్టి కొట్టిస్తారు. టైర్లకి పట్టే ఆ ఒత్తిడికి మెత్తటి నూగు ఫిల్టర్ చిరుగుతుంది, అతుకు ఊడుతుంది. కొందరు బయట నుంచి లోపలికి కొడతారు, దాంతో పొట్టు అంతా లోపలి వైపుకి చేరుతుంది. ఇంకొందరు పెట్రోల్‌లో ముంచుతారు, జిగురు వదిలి పొరలు విడిపోతాయి. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు చాలు. బాగా ఆరాకే బిగించాలి. మిషన్‌కి రెండు ఫిల్టర్లు పెట్టుకుని మార్చి మార్చి వాడితే తడి ఫిల్టర్ బిగించే తొందర ఉండదు. ఫిల్టర్ తీసేముందు చోక్ వేయడం మర్చిపోవద్దు. లేకపోతే తీసేటప్పుడు రాలిన పొట్టు నేరుగా లోపలికే.

దుమ్ము ఇంతగా ఎందుకు పుడుతోందన్నది కూడా చూడాలి. ఇక్కడ కొంచెం కుర్రాళ్ల భాగం ఉంది, కొంచెం లెక్కల భాగం ఉంది. సుబాబుల్‌కి డబ్బు టన్ను చొప్పున. అందుకని మొదలు ఎంత కిందికి కోస్తే అంత బరువు అని నేలకి ఆనించి కోస్తారు. చైన్ ఒక్క క్షణం మట్టిని తాకినా పదును పోతుంది. పదునున్న చైన్ నుంచి చెక్క పెచ్చులుగా రాలుతుంది. మొద్దుబారిన చైన్ నుంచి పిండిలా రాలుతుంది. ఆ పిండే ఫిల్టర్‌ని అడ్డుకునేది, సిలిండర్ రెక్కల మధ్య గడ్డ కట్టి వేడి పోనివ్వనిది. పైగా మొద్దు చైన్‌ని కుర్రాడు ఒళ్లంతా బరువేసి నొక్కుతాడు, రెండు నిమిషాల కోత ఐదు నిమిషాలవుతుంది. పెట్రోల్ నింపుకునే ప్రతిసారీ ఆకురాయితో పంటికి రెండు మూడు రుద్దులు ఇమ్మని ముఠా మేస్త్రీకి చెప్పండి. మొదలు కోసేముందు చెట్టు చుట్టూ మట్టి, బెరడుకి అంటిన బురద కత్తితో గీకెయ్యాలి. ఈ మాట చెప్తే నవ్వుతారు గానీ, పిస్టన్ కిట్ ఖర్చు వాళ్ల కూలీలోంచి కోస్తానంటే వింటారు.

ఇక ఆయిల్ సంగతి. లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్లంటే 50కి 1. మంచి రకం టూ స్ట్రోక్ ఆయిల్‌తో పెద్ద కంపెనీల రంపాల్లో చాలావాటికి ఇదే చెప్తారు. 40 పోస్తే ఏమవుతుంది? కార్బొరేటర్ జెట్ గుండా వెళ్లే ద్రవం అంతే ఉంటుంది, కానీ అందులో మండే పెట్రోల్ తగ్గుతుంది. అంటే ఆయిల్ పెంచితే ఇంజిన్ ఇంకాస్త లీన్ అవుతుంది, మళ్లీ స్క్రూ సర్దాలి. సర్దకుండా వదిలేస్తే వేడి పెరుగుతుంది. ఎగ్జాస్ట్ దారిలో మసి గట్టిపడి, అది ఊడి పడితే మళ్లీ గీతలు. చూడాల్సింది ఆయిల్ ఎంతని కాదు, ఏ రకమని. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ నాణ్యత గుర్తు) ఎఫ్‌డీ అని ఉందో లేదో చూడండి, ఎఫ్‌సీ ఉన్నా ఫరవాలేదు. పడవ ఇంజిన్లకి అమ్మే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ మాత్రం వద్దు. అది నీళ్లతో చల్లబడే ఇంజిన్ల కోసం చేసింది, గాలితో చల్లబడే రంపం వేడిని తట్టుకోదు. బాపట్ల, చీరాల వైపు నుంచి వచ్చే సరుగుడు కోత మిషన్లలో ఇది చూస్తుంటాను. ఊళ్లో బోటు ఉన్నవాళ్ల దగ్గర దొరుకుతుంది కదా అని పోసేస్తారు. ఇంకొకటి, మూతతో కొలవొద్దు. మందుల షాపులో పెద్ద సిరంజి తెచ్చుకోండి.

మీ కేసు దుమ్మే అయినా, సైలెన్సర్ వైపు పాడైన పిస్టన్‌తో ఇది చదివేవాళ్లు ఉంటారు కాబట్టి ఆ సంగతీ చెప్తాను. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటాక కూలిన చెట్లు తీయడానికి దొరికిన రంపాలన్నీ పగలూ రాత్రీ నడిచాయి. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చినవాటిలో ఒకటి కరెంటు లైన్ల పని చేసే కాంట్రాక్టర్‌ది. అప్పటికే వేరేచోట పిస్టన్ మార్చారు, మళ్లీ పట్టేసింది. రెండు పిస్టన్లూ సైలెన్సర్ వైపే కాలాయి. కార్బొరేటర్ స్క్రూ ఎంత తిప్పినా ఐడిల్ నిలవడం లేదు, ఒక్కోసారి దానంతటదే రేస్ అవుతోంది. ఈ లక్షణం కనబడితే కార్బొరేటర్ వదిలేసి గాలి లీకు వెతకాలి.

సైలెన్సర్ దారి, ఇన్‌టేక్ దారి రబ్బరు ముక్కలతో మూసి, ప్లగ్గు బిగించే ఉంచి, క్రాంక్ కేసులోకి 0.5 బార్ గాలి ఎక్కించాను. నిలిచింది. ఇక్కడే చాలామంది ‘లీకు లేదు’ అని బిగించేస్తారు. అదే పంపుతో 0.5 బార్ వాక్యూమ్ లాగితే ముల్లు నిలవలేదు. క్లచ్ వైపు ఆయిల్ సీల్ పెదవి అరిగింది. లోపల ఒత్తిడి ఉన్నప్పుడు ఆ పెదవి షాఫ్ట్‌కి అదుముకుంటుంది, లాగినప్పుడు వదిలేస్తుంది. ఇంజిన్ తిరిగేటప్పుడు ఈ రెండూ మార్చి మార్చి జరుగుతాయి, కాబట్టి ఒత్తిడి పరీక్ష ఒక్కటే చాలదు, వాక్యూమ్ కూడా పెట్టాలి. ఆ చిన్న సీల్ మార్చకుండా ఎన్ని పిస్టన్లు వేసినా ఫలితం ఒకటే. డీకంప్రెషన్ బటన్ (తాడు తేలిగ్గా లాగడానికి ఒత్తిడి వదిలేది), ఇన్‌టేక్ రబ్బరు, సిలిండర్ కింది గ్యాస్కెట్ కూడా ఇదే పరీక్షలో బయటపడతాయి. చేత్తో లాగే వాక్యూమ్ పంపు ఖరీదు ఒక పిస్టన్ కిట్ అంత కూడా ఉండదు. అది లేని మెకానిక్ దగ్గర రంపం ఇంజిన్ కట్టించుకోవద్దనే నా అభిప్రాయం.

పది నిమిషాలు బాగా నడిచి తర్వాత లీన్ అయ్యే మిషన్లకి ముందు ట్యాంకు మూత కొంచెం వదులు చేసి చూడండి. ‘స్స్’ అని గాలి లోపలికి పీలిస్తే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయింది. ట్యాంకులోని ఫిల్టర్ కూడా మార్చండి, దాని ఖరీదు చాలా తక్కువ.

పెట్రోల్ గురించి ఒక మాట. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది దాదాపు అంతా 20 శాతం ఇథనాల్ కలిసినది. పెద్ద కంపెనీల రంపం మాన్యువల్స్‌లో సాధారణంగా 10 శాతం దాకానే ఒప్పుకుంటారు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే స్క్రూ సెట్టింగ్‌తో ఇంజిన్ లీన్‌గా నడుస్తుంది. హెచ్ స్క్రూ (ఫుల్ రేస్‌లో పెట్రోల్ ఎంత పోవాలో సర్దేది) కాస్త వదులు చేసి సర్దుకోవాలి. ఎంత కలిసిందో మీరే చూడొచ్చు. కొలత గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోల్ పోసి కుదిపి ఉంచండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగున పొర దాదాపు 28కి చేరితే 20 శాతం ఉన్నట్టు. ఇది కుదపడం, చూడడం రెండూ ఆరుబయట, సిగరెట్లకి దూరంగా. వానాకాలంలో సగం డబ్బా వారాల తరబడి ఉంచితే చెమ్మ పీల్చుకుని ఆ పొర డబ్బాలోనే విడిపోతుంది. ఆయిల్ పైన పెట్రోల్‌తో ఉండిపోతుంది, ట్యాంకు అడుగున ఫిల్టర్ పీల్చేది మాత్రం ఆయిల్ లేని నీళ్ల పొరని. కాబట్టి వారానికి సరిపడానే కలుపుకోండి.

స్క్రూ సర్దేటప్పుడు కాలం కూడా చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం గాలి పలచగా ఉంటుంది, అప్పుడు సరిగ్గా సర్దిన కార్బొరేటర్ జనవరి తెల్లవారుజాము చిక్కటి గాలికి లీన్ అవుతుంది. ఖాళీగా ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు మోత నున్నగా, కీచుగా కాకుండా కొంచెం తడబడుతూ బుడబుడమనాలి. చెక్కలో పెట్టగానే ఆ తడబాటు పోవాలి. చెవితో నమ్మకం లేకపోతే టాకోమీటర్ పెట్టి మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠ వేగం దాటకుండా చూడాలి. స్క్రూలు లేని, తనంతట తానే సర్దుకునే మిషన్లకి ఈ గొడవ ఉండదు. కానీ గాలి లీకుని అవి కొంతవరకు కప్పిపుచ్చుతాయి, తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలో సింగ్ నగర్ వైపు మునిగిన మిషన్లది వేరే కథ. ఎండబెట్టి తాడు లాగితే స్టార్ట్ అయ్యాయని సంబరపడినవాళ్లు చాలామంది. లోపల ఒండ్రు మట్టి బేరింగుల్లో ఉండిపోయింది. నీళ్లలో మునిగిన రంపాన్ని విప్పి కడక్కుండా తాడు లాగకూడదు.

మీ బోరు సంగతి. సిలిండర్ లోపలి పూత చాలా గట్టిది, దుమ్ముకి పిస్టన్, రింగులు ముందు పోతాయి. గోరుతో గీస్తే ఎక్కడా తట్టకుండా, పూత లేచి వేరే రంగు కనిపించకుండా ఉంటే అదే బోరు వాడుకోవచ్చు. పట్టేసిన మిషన్లలో అంటుకున్న అల్యూమినియాన్ని కొందరు బాత్రూం యాసిడ్‌తో తీస్తారు. పనిచేస్తుంది, కానీ దూది పుల్లతో అంటుకున్న చోటే తడపాలి. పోర్టుల (సిలిండర్ గోడలో గాలి, పొగ వెళ్లే రంధ్రాల) అంచుల్లో పూత లేని అల్యూమినియానికి తగిలితే అది తినేస్తుంది. చేతికి గ్లౌజు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. సగం ధరకి దొరికే డూప్లికేట్ సిలిండర్ కిట్లని నేను వ్యాపారానికి వాడే మిషన్లకి వేయను. పోర్టుల అంచులు సరిగ్గా చెక్కి ఉండవు, రింగు వాటికి తట్టుకుని విరుగుతుంది. ఇంట్లో కొబ్బరి మట్టలు కోసుకునేవాళ్లకైతే ఫరవాలేదు.

కంప్రెషన్ గేజ్ చూపించి ‘150 పీఎస్ఐ వచ్చింది, బోరు బాగుంది’ అంటే మాత్రం నమ్మేయకండి. ఆయిల్ ఎక్కువున్న బోరులో అరిగిన రింగులు కూడా మంచి అంకె చూపిస్తాయి. 110, 120 దగ్గరికి పడిపోతే సందేహం అక్కర్లేదు, పైనుంటే మాత్రం కళ్లతో చూడాలి.

మీ రెండో మిషన్ ఇంకా విప్పలేదన్నారు. దాన్ని ఈ రోజే పనిలోంచి పక్కన పెట్టండి, ఇంకా బతికించుకునే అవకాశం ఉంది. సైలెన్సర్ తీసి చూస్తే సైలెన్సర్ వైపు ముఖం ఒక్కటే కనబడుతుంది, మీకు కావలసింది రెండో వైపు. కార్బొరేటర్, ఇన్‌టేక్ రబ్బరు విప్పి, తాడు మెల్లగా లాగుతూ, సెల్ టార్చ్ వేసి ఫోటో తీయండి. ఫిల్టర్ కూర్చునే అంచు ఫోటో, చైన్ కింద పడిన పొట్టు గుప్పెడు తీసి దాని ఫోటో కూడా పెట్టండి. అడ్డ గీతలు ఇంకా సగమైనా మిగిలి ఉంటే దానికి పిస్టన్ అక్కర్లేదు, ఫిల్టర్, ఇన్‌టేక్ రబ్బరు మార్చి, క్రాంక్ కేసు కడిగితే సరిపోవచ్చు.